నూకరాజు పాదంలో స్థానికులు

ఈ కథలో అబద్ధం ఎంత ఉందని అడిగేవాళ్లకు ముందే చెప్పుకోవాలి: పులుసులో బెల్లమంత. అది తీసేస్తే మిగిలిన పులుపు ఎవరూ తట్టుకోలేరు.

నేలపూడిలంకలో గుబ్బల నూకరాజు ఎక్కని కొబ్బరిచెట్టు లేదు. అతను ఎక్కుతుంటే కాకులు జరిగి చోటిచ్చేవి. పైనుంచి చూసి, ఎవరింట్లో ఆ పూట ఏం కూరో చెప్పేవాడు. ఒకసారి గాలివాన వచ్చి కొసన చిక్కుబడిపోతే చెట్టే విల్లులా వంగి అతన్ని కాలవ అవతలి గట్టు మీద జాగ్రత్తగా పెట్టి, మళ్లీ నిటారుగా లేచి నిలబడిందట. కాయలు దింపేవాణ్ణి చెట్టు దింపడం లంకలో అదే మొదలు, అదే ఆఖరు.

అలాంటివాడికి పైన ఏమీ కాలేదు. చెట్టు దిగి, కాళ్ల బంధం విప్పి, బీడీ కోసం చెవి తడుముకుంటూ రెండడుగులు వేసి, తన కత్తి మీద తనే కాలేశాడు. ఎడమ పాదం బొటనవేలి కిందనుంచి సగం దాకా తెగింది. మిగతా లోకానికి కాలు నడవడానికి. నూకరాజుకు కాలు అన్నం. రెండు పాదాలూ మానుకు అతుక్కుంటేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

భార్య వరాలు తన కోక చెంగు చించి కట్టి, ఆటోలో టౌను పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడ కుట్లు వేశారు, మంచం ఇచ్చారు. కుట్లు బాగానే పడ్డాయి. కానీ మూడు రోజులు తిరక్కుండానే పాదం పనసకాయలా ఉబ్బి, చీము పట్టి, పక్క మంచం వాళ్లు ముక్కు మూసుకునేదాకా వచ్చింది.

అప్పుడు హైమావతి అనే డాక్టరమ్మ వచ్చింది. పుండ్లలో ఏ సూక్ష్మజీవి చేరిందో పట్టుకోవడం ఆవిడ పని. దూది చుట్టిన పుల్లతో చీము కాస్త తీసుకెళ్లి, దాన్ని గాజు పళ్లెంలో పెంచి, సూక్ష్మదర్శినిలో చూసి, ఆ బొమ్మను ఫోనులో పట్టుకొచ్చి నూకరాజుకు చూపించింది.

"ఇదిగో, నీ కాలిలో చేరినవి ఇవే."

నూకరాజు కళ్లు చికిలించి చూశాడు. "ఆయ్, కొబ్బరి గెల లాగుందండీ. గెలకి ఎన్ని కాయలుంటాయండి?"

"లెక్కపెట్టలేం."

"అయితే కాపు బాగుందండి."

"ఇంత బాగుండకూడదు" అని ఆవిడ మందు చీటీ రాసింది. జీవి పేరు తేలింది. ఏ మందుకు లొంగుతుందో తేలింది. అక్కడితో ఆగితే ఇది వైద్యం అయ్యేది గాని కథ అయ్యేది కాదు.

వరాలు చీటీ పట్టుకుని మందుల కిటికీ దగ్గరికెళ్తే, అక్కడి ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి వెనక్కిచ్చేశాడు. "జీవి పేరుంది. ఊరు లేదు. స్థానికత తేలని జీవికి మందివ్వకూడదమ్మా."

సంగతేమిటంటే, ఆ మధ్య పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ఆసుపత్రుల్లో శుభ్రత పెంచాలని పైవాళ్లకు మంచి ఆలోచనే పుట్టింది. ఆలోచన ఎంత మంచిదైనా ఉత్తర్వు అయ్యేసరికి దానికి కొమ్ములు మొలుస్తాయి. "ఆసుపత్రిలో పుట్టిన సూక్ష్మజీవి వలన ఒక్క గాయము చీముపట్టినను, సదరు ఆసుపత్రి గేటుపై గల శుభ్రతా నక్షత్రము దించబడును. జీవి రోగితో పాటు బయటనుండి వచ్చినదైనచో ఆసుపత్రికి బాధ్యత లేదు. కావున ప్రతి జీవిని గుర్తించి, స్వస్థలము నిర్ధారించిన పిమ్మటనే మందు వాడవలెను. నిర్ధారణకు ముందే చంపినచో సాక్ష్యమును రూపుమాపినట్లు భావించబడును."

ఆ నక్షత్రమంటే సూపరింటెండెంటు దశిక విశ్వపతి గారికి ప్రాణం. గేటు మీద రేకుతో చేయించి, చుట్టూ రంగు బల్బులు పెట్టించారు. కరెంటు పోతే ఆపరేషను గదికన్నా ముందు నక్షత్రానికి జనరేటరు వేసేవారు. ఆయన తుమ్మినా 'పై విషయం దృష్ట్యా' తుమ్మినట్టుండేది. అంతటివారు, స్వస్థలం తేలాలంటే స్థల పరిశీలన తప్పదు కనుక, ఒక కమిటీ వేసి వెంటబెట్టుకుని నూకరాజు మంచం దగ్గరికే వచ్చారు. స్థలం అతని పాదమే మరి. చుట్టూ కుర్చీలు వేశారు. దుప్పటి తొలగించారు. అందరూ ఒకసారి చూసి, ఒకసారి వెనక్కి జరిగారు.

"డాక్టరుగారూ, సదరు జీవి స్వస్థలం ఏది?" అన్నారు విశ్వపతి గారు.

హైమావతి ఉన్నదున్నట్టు చెప్పింది. "ఇది అందరి చర్మం మీదా ఉండేదే సార్. ముక్కుల్లో ఉంటుంది, తలుపు గడియల మీద ఉంటుంది, మన చేతుల మీద ఉంటుంది. కట్టు మార్చేవాళ్లు చేతులు కడుక్కోకపోతే..."

"చేతుల ప్రస్తావన మినిట్స్‌లో వద్దు."

"వార్డు కుళాయిలో నీళ్లు రావడం లేదు సార్."

"కుళాయి ఇంజనీరింగు వారి పరిధి. మనం జీవి పరిధిలో ఉందాం. ఎంత కాలంగా అక్కడ నివాసం?"

"కాలమంటే ఏం చెప్పను? ఇరవై నిమిషాలకోసారి ఒకటి రెండవుతుంది. మీరు వచ్చి కూర్చున్నప్పుడు ఉన్నవి, ఈపాటికి తాతలు."

కుర్చీలు కిర్రుమనడం ఆగిపోయింది. విశ్వపతి గారి ముఖం గేటు మీది నక్షత్రంలా వెలిగింది.

"అంటే, ఏడు తరాలు గడవాలంటే?"

"భోజనం వేళకు గడిచిపోతాయి."

"రాసుకోండి" అన్నారాయన గుమస్తాతో. "ఏడు తరాలుగా ఒకచోట ఉంటున్నవాణ్ణి వలసవాడని ఏ చట్టమూ అనదు. మూలపురుషులు ఎక్కడివారైనా కావచ్చు. వారు గతించారు. గతించినవారి గురించి చెడు మాట్లాడటం మన సంస్కృతి కాదు. ప్రస్తుతం గాయంలో ఉన్నవారందరూ అక్కడే పుట్టి పెరిగిన వారు. అనగా గుబ్బల నూకరాజు పాద వాస్తవ్యులు. ఆసుపత్రికి సంబంధం లేదు."

కమిటీ బల్ల లేనందువల్ల మోకాళ్లు చరిచింది.

నూకరాజు తల ఎత్తాడు. "బాబుగారండి, ఆళ్లు ఏ ఊరోళ్లయినా నాకు పర్లేదండి. ఎల్లిపోతే చాలండి."

"తొందరపడితే ఎలాగయ్యా. ఏడు తరాల కాపురాన్ని నోటీసు లేకుండా ఖాళీ చేయించమంటావా? పాదం ఏ గ్రామానిదో ఆ గ్రామం వారు వచ్చి, ఇవి మావేనని సంతకం పెట్టాలి. తర్వాత మందు గురించి సానుభూతితో పరిశీలిస్తాం."

ఆ సాయంత్రం వరాలు మూటా ముల్లే సర్ది, మొగుణ్ణి భుజానికెత్తుకున్నంత పనిచేసి గేటు దాకా నడిపించింది. కాలవ వీధిలో ప్రైవేటు డాక్టరున్నాడు, అక్కడికి పోదామని. వాచ్‌మన్ అడ్డంగా నిలబడ్డాడు.

"అమ్మా, ఆయన ఎల్లచ్చు. ఆయన కాలు ఎల్లకూడదు. అది విచారణలో ఉంది."

"అయితే కాలు నువ్వుంచుకుని, ఆయన్ని పంపించు మరి."

"అదీ జరిగేలాగే ఉందమ్మా, కొంచెం ఓపికపట్టండి" అన్నాడు వాచ్‌మన్, మంచి మనసుతోనే.

మర్నాడు నేలపూడిలంక నుంచి సర్పంచి యాళ్ల ధనలక్ష్మి గారు, ఆవిడ భర్త బుల్లబ్బాయి వచ్చారు. సర్పంచి ఆవిడ. కండువా ఆయనది. కుర్చీలో ఆవిడ కూర్చుంది, మాట ఆయన మాట్లాడాడు.

"సార్, మాది రోగరహిత గ్రామం. ఆర్చి కట్టించాం. అవార్డు పుచ్చుకున్నాం. మా ఊళ్లోకి చీమ రావాలన్నా ఆర్చి కింద కాళ్లు తుడుచుకుని రావాలి. మీరేమో కాగితం పంపించేసి, ఇంత సంతానాన్ని మా నెత్తి మీద పెడతానంటే ఎలాగండీ?"

"పాదం మీ ఊరిది కాదా?" అన్నారు విశ్వపతి గారు.

"పాదం మాదే. నూకరాజు మాకు తమ్ముడి లెక్క. ఏరా నూకరాజూ, కాదంటానా? కాని ఈళ్లు మావోళ్లెలాగవుతారండీ? ఒక్కడైనా మా ఊరు చూశాడా? మా కాలవ నీళ్లు తాగాడా? మా తీర్థంలో జీళ్లు కొనుక్కున్నాడా?"

ధనలక్ష్మి గారు పాదం వైపు చూసి మొహం తిప్పుకుంది. "ముందు ఆ కాలు సంగతి చూడండి బాబూ. సంతకం ఎక్కడ పెట్టమంటే..."

"నువ్వుండవే" అన్నాడు బుల్లబ్బాయి. "సర్పంచి గారు మాట్లాడుతుంటే మధ్యలోనేటి?"

ఆవిడ నోరు మూసుకుంది. సర్పంచి గారు కొనసాగించారు. "సార్, ఒక్క మాట. మా పక్కింటి కోడలు మొన్న మీ ఆసుపత్రిలోనే కానుపయ్యింది. తల్లి మా ఊరిదే, తండ్రి మా ఊరోడే. మరి బిడ్డ పుట్టిన సర్టిఫికెట్టు ఎవరిచ్చారు? టౌను మున్సిపాలిటీ ఇచ్చింది. ఎందుకిచ్చింది? మంచం టౌనులో ఉంది కాబట్టి. నూకరాజు ఏ మంచం మీదున్నాడండీ?"

విశ్వపతి గారు మంచం వైపు చూశారు. మంచానికి ఆసుపత్రి పేరు, నెంబరు తెల్లరంగుతో రాసి ఉన్నాయి. వాదం ఇనప్పెట్టెలా బిగుసుకుంది. మంచం ఆసుపత్రిదే అయినా మంచం కింది నేల మున్సిపాలిటీది అని ఒక సభ్యుడు గుర్తుచేయడంతో ఆయనకు ప్రాణం లేచొచ్చింది. జీవులు పాద వాస్తవ్యులు, జన్మతః టౌను పౌరులు అని తీర్మానించి, కాగితాన్ని మున్సిపాలిటీకి తోసేశారు.

నూకరాజుకు అప్పటికి ఒళ్లు కాలుతోంది. "డాక్టరమ్మగారండి, ఈళ్ల పంచాయితీ తెగేలోగా నా కాలు తెగుద్దేమోనండి" అన్నాడు.

హైమావతి ఆ మాటకు నవ్వలేదు. మందుల కిటికీ దగ్గరికి తనే వెళ్లి అడిగింది. కిటికీ మూసుకుంది. సూపరింటెండెంటు గదికెళ్లి అడిగింది. "మీ ఆవేదన ఫైలులో పెట్టమన్నాను" అన్నారాయన.

మున్సిపాలిటీ కమిషనరు మొదట సంబరపడ్డాడు. పుట్టిన ప్రతివాడినీ నమోదు చెయ్యడం చట్టం. చట్టాన్ని మించి ఆశ కూడా ఉంది. జనాభా పెరిగితే ఊరి హోదా పెరుగుతుంది. జననాల గుమస్తా కంప్యూటరు పట్టుకుని నూకరాజు కాళ్ల దగ్గర బైఠాయించాడు. పక్కన హైమావతిని కూర్చోబెట్టి, ఇరవై నిమిషాలకోసారి ఎంతమంది పుట్టారో అంచనా చెప్పమన్నారు. ఆవిడ చెప్పే అంకె వెనక సున్నాలు టైపు కొట్టడానికే ఇంకో గుమస్తాను వేశారు. పుట్టిన సర్టిఫికెట్ల అచ్చుకే సరిపోయి, పొద్దు వాలేసరికి టౌనులో తెల్లకాగితం దొరకలేదు. మర్నాటికి పక్క టౌనులో కూడా దొరకలేదు. పెళ్లి శుభలేఖలు అరిటాకుల మీద అచ్చు వేయించుకున్నవాళ్లున్నారు. ఆ మర్నాటికి, జనాభా లెక్కల ప్రకారం ఆ ఊరు దేశంలోకెల్లా పెద్ద నగరమైపోయిందని, విమానాశ్రయం ఇవ్వాలని మున్సిపల్ చైర్మను అర్జీ పెట్టుకున్నాడు.

ఒక్క చిక్కు వచ్చింది. తండ్రి పేరు దగ్గర గుమస్తా ఆగిపోయాడు.

"వీటికి తండ్రి ఎవరండి?"

"తండ్రి ఉండడు. ఒకటే రెండుగా చీలుతుంది" అంది హైమావతి.

"అలా ఖాళీగా వదిలేస్తే కంప్యూటరు ఊరుకోదండి." గుమస్తా అటూ ఇటూ చూసి, సంరక్షకుడు గుబ్బల నూకరాజు అని కొట్టాడు. కంప్యూటరు ఊరుకుంది.

వరాలు ఊరుకోలేదు. జావ గ్లాసు మంచం పట్టె మీద ఠక్కున పెట్టింది. "ఉన్న ఇద్దరు పిల్లల్ని సాకడానికే లంకలో చెట్లన్నీ ఎక్కేశావు. ఈళ్లందరికీ ఏ చెట్టెక్కుతావు?"

"నేనేం చేశానే? నేను పడుకున్నాను."

"పడుకునే ఇంతమందిని కన్నావు. లేచుంటే ఏమయ్యేదో."

పక్క మంచం ముసలాయన నవ్వాపుకోలేక దగ్గాడు. వరాలు కూడా నవ్వబోయి, మొగుడి పాదం అంచున నల్లబడుతున్న చోటు చూసి ఆపేసింది. ఆ నలుపు నిన్న లేదు.

హైమావతి అది చూసింది. మందు చీటీ మళ్లీ రాసుకుని కమిషనరు ముందు నిలబడింది. "సార్, స్థానికత తేలింది కదా. ఇక మందు వెయ్యనివ్వండి."

కమిషనరు గుండె మీద చెయ్యేసుకున్నాడు. "అమ్మా, మందు వేస్తే ఏమవుతుంది?"

"చస్తాయి."

"అన్నీనా?"

"దాదాపు."

"జననాలు నమోదు చేసిన వాళ్లం, మరణాలు నమోదు చెయ్యొద్దా? ఒక్కొక్క పౌరుడికీ మరణకారణం రాయాలి. దహనమా, ఖననమా అని రాయాలి. శ్మశానంలో అంత జాగా ఎక్కడుందమ్మా? రేపు ఎవరైనా వచ్చి, ఒక మహానగరాన్ని ఒక్కపూటలో ఖాళీ చేశావేంటయ్యా అని అడిగితే నా ఉద్యోగం ఏం కావాలి?"

"ఇతని కాలేం కావాలి?"

"కాలు సంగతి ఆరోగ్యశాఖ చూసుకుంటుంది."

ఆరోగ్యశాఖ అంటే విశ్వపతి గారే. ఆయనేమో జీవులిప్పుడు మున్సిపాలిటీ పౌరులు, పరాయి శాఖ పౌరుల మీద చెయ్యి వెయ్యలేమన్నారు.

హైమావతి వచ్చి నూకరాజు మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. దాచకుండా చెప్పింది. "రేపు సాయంత్రంలోగా మందు పడకపోతే, పాదం ఉంచలేం. తీసేయాల్సి వస్తుంది."

"ఆయ్" అన్నాడు నూకరాజు. అలవాటు కొద్దీ వచ్చిందా మాట. ఆవిడ వెళ్లాక వరాలును అడిగాడు. "ఒంటికాలితో ఎక్కచ్చంటావా?"

"ఎక్కేత్తావు. నీకేంటి" అంది వరాలు. గ్లాసు కడుక్కొస్తానని కుళాయి దగ్గరికి వెళ్లింది. కుళాయిలో నీళ్లు రావని ఇద్దరికీ తెలుసు. ఆవిడ తిరిగొచ్చేసరికి కళ్లు మాత్రం కడిగినట్టున్నాయి.

మర్నాడు పొద్దున్నే జిల్లా నుంచి జోగారావు గారనే అధికారి ఊడిపడ్డారు. ఆయన శాఖ కుటుంబ నియంత్రణ. మార్చి నెలాఖరు దగ్గర పడింది, ఏడాదికిచ్చిన ఆపరేషన్ల లక్ష్యం సగం కూడా పూర్తికాలేదు. ఆయన తప్పేమీ లేదు. జిల్లాలో జనం ఒక్క బిడ్డతోనే సరిపెట్టుకుంటున్నారు, కొందరు అదీ వద్దంటున్నారు. లక్ష్యం మాత్రం ఏటేటా పెరుగుతూనే ఉంది. నిద్రలేక కళ్లు గుంటలు పడి, కనిపించిన పెళ్లికొడుకునల్లా ఆశగా చూసే దశకు వచ్చారాయన. అలాంటి మనిషి చేతికి జననాల పట్టీ చిక్కింది.

"ఒక్క సంరక్షకుడి కింద ఇంత అదుపులేని సంతానమా" అంటూ నేరుగా వార్డులోకొచ్చి నూకరాజును ఎగాదిగా చూశారు. "జిల్లాకే మచ్చ కదయ్యా."

"నా చేతుల్లో లేదండి, కాలిలో ఉందండి" అన్నాడు నూకరాజు నీరసంగా.

"ఇద్దరు చాలని ఎవరూ చెప్పలేదా వీళ్లకు?"

"ఒక్కొక్కరికి ఇద్దరే సార్. ఎప్పుడూ ఇద్దరే" అంది హైమావతి.

జోగారావు గారు కాసేపు లెక్క వేసుకుని, అది ఆయన శాఖ సిద్ధాంతానికి ప్రమాదమని గ్రహించి వదిలేశారు. "అది సరే. వీళ్లకు నియంత్రణ మార్గం ఏదైనా ఉందా అమ్మా? చంపడం కాదు. చంపితే మున్సిపాలిటీతో పేచీ. పుట్టకుండా ఆపడం."

హైమావతి ఆయన వైపు చూసింది. చూసి చూసి, కూర్చున్నచోటే నిటారుగా అయింది.

"ఉంది సార్. సూక్ష్మజీవుల మందులు రెండు రకాలు. కొన్ని చంపుతాయి. కొన్ని చంపవు, రెండుగా చీలకుండా ఆపుతాయి అంతే. దీన్ని ఆపే మందు మన కిటికీలోనే ఉంది."

"మరి ఉన్నవాళ్లు?"

"ఉన్నవాటిని రోగి రక్తమే మెల్లగా చూసుకుంటుంది."

"మనం కాదుగా?"

"మనం కాదు."

"అయితే అది వాళ్ల ఇంటి విషయం. శాఖ జోక్యం చేసుకోదు. సహజ మరణాలు." జోగారావు గారి కళ్లలో నీళ్లు తిరిగాయి. "అమ్మా, ఒక్కొక్కటీ ఒక్కొక్క కేసు కింద రాసుకోవచ్చునా?"

"ఎన్ని రాసుకుంటే అన్ని. మధ్యాహ్నంలోగా మొదలుపెడితే."

గొప్ప పనులు ఎంత వేగంగా జరుగుతాయో ఆ పూట చూడాలి. గంటలో వార్డులోపల షామియానా లేచింది. గోడకు బ్యానరు కట్టారు: "చిన్న కుటుంబం, చింతలేని పాదం." మైకు వచ్చింది. శిబిరానికి ముందు స్థలం శుభ్రం చెయ్యాలని హైమావతి పట్టుబట్టింది. ఆరుబయట బోరింగు నుంచి బిందెలతో నీళ్లు మోయించి, అందరిచేతా చేతులు కడిగించి, పుండు తెరిచి చీమునంతా తీసేసింది. నూకరాజు దుప్పటి కొస నోట్లో కుక్కుకున్నాడు. విశ్వపతి గారు రిబ్బను కత్తిరించారు. ఒక ఆరోగ్య కార్యకర్త, నియమం తప్పకూడదని, పాదం మీదికి వంగి కరపత్రం మొత్తం చదివి వినిపించింది. ఇష్టపూర్వకమేనా అని అడిగితే అటునుంచి అభ్యంతరం రాలేదు. సంరక్షకుడిగా నూకరాజు వేలిముద్ర వేశాడు.

"ఇందుమూలముగా" అని మైకులో జోగారావు గారు మొదలుపెట్టారు.

"బాబుగారండి, ముందు మాత్ర ఇప్పించండి. ఇందుమూలం తర్వాత ఇందాం" అన్నాడు నూకరాజు.

జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య మాత్ర పడింది.

మరి రెండు రోజులకు జ్వరం దిగింది. నలుపు పాకడం ఆగింది, ఆగి వెనక్కి తగ్గింది. లోపలివాళ్లు సంతానం లేక దిగులుపడి ఒక్కొక్కరే సహజంగా కాలం చేశారని గుమస్తా రాసుకున్నాడు. పుండు గులాబీరంగుకు వచ్చింది, మూసుకుంది, మచ్చ కట్టింది. నూకరాజు వార్డు గోడ పట్టుకుని ఆ పాదం మీద నిలబడ్డ రోజున వరాలు పక్క మంచం ముసలాయనకు కూడా జావ పోసింది.

కీర్తి మాత్రం మందుకన్నా వేగంగా పాకింది. ఒక్క మార్చి నెలలో, ఒక్క వార్డులో, ఒక్క మనిషి ప్రోత్సాహంతో జరిగిన కుటుంబ నియంత్రణ కేసులు ఈ భూమ్మీద ఎప్పుడూ ఎక్కడా జరగలేదని లెక్క తేలింది. జోగారావు గారికి పతకం ఇచ్చారు. విశ్వపతి గారి గేటు మీదికి రెండో నక్షత్రం వచ్చింది. బుల్లబ్బాయి, ఆ పాదం ఎప్పటికీ మా ఊరిదేనని మాట మార్చి, ఆర్చికి రంగు వేయించాడు. వేదిక మీద నూకరాజుకు శాలువా కప్పి నాలుగు మాటలు చెప్పమంటే, "ఆయ్, నాదేముందండి, అంతా ఆళ్ల సహకారమేనండి" అన్నాడు వినయంగా. అధికారులు అది తమ గురించే అనుకున్నారు.

అంతా బాగుంది. పై అధికారులు ఆ లెక్క చూసి కొత్త ఏడాదికి జిల్లా లక్ష్యాన్ని రెట్టింపు చేశారు.

వానలు వెలిసి, చలి కూడా తగ్గాక ఒకరోజు నూకరాజు లంకలో దింపు దింపుతున్నాడు. చెట్టు కొసన, రెండు పాదాలూ మానును కరుచుకుని ఉండగా, కింద జీపు ఆగిన చప్పుడైంది. విశ్వపతి గారు, జోగారావు గారు, వాళ్ల వెనక కొత్తగా ఉద్యోగంలో చేరిన చిన్న ఆఫీసరు ఒకాయన దిగారు. ముగ్గురూ చెట్టు మొదట్లో చేతులు జోడించి నిలబడ్డారు.

"నూకరాజు గారూ, ఒక్కసారి దిగండి" అన్నారు జోగారావు గారు. ఆయన కళ్లు మళ్లీ గుంటలు పడ్డాయి. "జిల్లా పరువు మీ కాలి మీద ఉంది. మార్చి దగ్గరికొస్తోంది. చిన్న గాయం. గోరంత. మీ ఇష్టమొచ్చిన చోట. సింగిల్ రూము ఇస్తాం."

"ఫ్యాను కూడా" అన్నారు విశ్వపతి గారు.

నూకరాజు పైనుంచి చూశాడు. లంకంతా కనిపిస్తోంది. తనింటి పొయ్యి దగ్గర పొగ లేస్తోంది. ఆ పూట ఏం కూరో కూడా తెలిసింది.

"క్షమించాలండి. నా కాలికి ఖాళీ లేదండి" అన్నాడు. గెల మీద కత్తి పెట్టాడు. "తవరు ముగ్గురూ కొంచెం ఎడంగా జరగండి బాబుగారండి. గెల కోత్తన్నాను. కాయ మీద పడితే తల పగిలి, పుండు పడుద్దండి."

జోగారావు గారు పైకి చూశారు. విశ్వపతి గారు జోగారావు గారిని చూశారు. ఇద్దరూ కలిసి, వెనకనున్న చిన్న ఆఫీసరును చూశారు.

"నువ్వు కొత్తవాడివి కదూ, నాయనా" అంటూ విశ్వపతి గారు అతని భుజం మీద ఆప్యాయంగా చెయ్యి వేసి, సరిగ్గా గెల కిందికి, రెండడుగులు నడిపించారు.